అప్పు తీర్చుడు

సల్మాబాద్ గ్యారేజీల వెనక, మెట్ల కింది గది మాది.
కిరాయి ఫెడరేషన్ కడుతది, కరెంటు మేం కడుతం.
బల్ల మీద రబ్బరు ముద్ర,
బిస్కెట్ల డబ్బాల చందా.
తలకు అర దినారు. జీతం పడని నెలది
పడ్డప్పుడు.

ఖాతా రాసేది నేను, బొల్లి రాజేశం.
పొద్దంతా ఏసీ డక్టులకు రేకు మడుస్త.
లెక్క మా అమ్మ నేర్పింది, బీడీ కట్టలెంచుకుంట:
వెయ్యికి ఒక్కటి తగ్గినా
కంపెనీవాడు గంపంతా తిప్పి పంపేటోడు.

ఇన్నేండ్లు పైసలు ఒక్క దిక్కు నుంచే వచ్చినయి.
మంచు పడే దేశపు యూనియన్ పంపేది ఏడాదికోసారి,
వెంట పదహారు పేజీల ప్రశ్నలు.
శిక్షణ ఎంతమందికి? అందుల ఆడవాళ్లెందరు?
చాయ్ ఖర్చుకు రసీదేది?
చాయ్ పోసే కుంజాలికి రసీదు పుస్తకమెక్కడిది.
అయినా సిగరెట్ పెట్టె అట్ట మీద రాసిచ్చిండు:
నలభై చాయ్‌లు, రెండు ఒలికినయి, వాటికి తీసుకోలే.
అదీ ఫైల్లున్నది, గుండుసూదితో.

ధన్‌బహదూర్ తమాంగ్, పెట్టె, విమానం: నూట అరవై దినార్లు.
ఈ వరుస దగ్గర కలం ఆగుతది.
పై గడిల మాత్రం 'రవాణా' అనే రాయాలె.

ఎండలు తగ్గిన నెలల ఒక కబురొచ్చింది.
చిట్టగాంగ్‌ల ఒక ఫ్యాక్టరీకి తాళమేసిండ్రంట,
కుట్టు మిషన్లు లోపల, ఆడోళ్లు గేటు బయట, నలభై ఒక్క రోజులు.
రుస్తం తన కవరాల్ కాలర్ తిప్పి చూపిండు.
చిన్న తెల్ల గుడ్డ, దాని మీద అదే ఫ్యాక్టరీ పేరు.
గదిల ఉన్న పదిహేడు మందిమి
ఒకరి మెడ వెనక ఒకరం చదువుకున్నం.

"మనమే అడుక్కునేటోళ్లం, మనం పంపుడా?"
చింతల ఎల్లారెడ్డి అడిగిండు.
ఊర్ల ఆయనకు నూటికి మూడు మిత్తి.
ఇయ్యలే, లేచి పోయిండు. తప్పేమన్నడని?
ఆయన పేరు పక్కన నేను గీత పెట్టలే.

ఫెడరేషన్ కోశాధికారి సయ్యద్ హాది,
అల్యూమినియం కొలిమిల ముప్పై ఏండ్లు చేసిన మనిషి,
"మంచు దేశం పైసల్ల ఫిల్స్ కూడా ముట్టొద్దు" అన్నడు.
"మీ డబ్బా మీ ఇష్టం."
జేబుల నుంచి ఐదు దినార్లు తీసి
"రసీదు రాయి, లేకుంటే తిరిగియ్యి" అన్నడు.
రాసిన. ముద్ర కూడా కొట్టిన.

మొత్తం డెబ్బై మూడు దినార్ల నాలుగు వందల ఫిల్స్.
మనామా ఎక్స్చేంజ్‌ల కాగితమిచ్చిండ్రు:
పంపే కారణం.
కుటుంబ ఖర్చు. ఇంటి కట్టడం. చదువు. వైద్యం. అప్పు తీర్చుడు.
ఐదే గళ్లు.
మేం తీర్మానంల రాసుకున్న మాట, సంఘీభావం,
దానికి గడి లేదు.
కౌంటర్ల మారిసెల్ పెన్ను పట్టుకొని చూస్తున్నది,
నా వెనక పదిమంది దగ్గుతున్నరు.
జొహురా ఖాతూన్ నీకేమైతది?

నేనామె మొగం చూడలే.
ఆమె వేసిన కుట్టు మాత్రం
నా చంకల కింద మూడేండ్లుగా చెమటకు పిగలలే.
'అప్పు తీర్చుడు' ముందర టిక్కు పెట్టిన.

ఏడాది చివర హాది పంపిన ఆడిటర్ ఎర్ర పెన్నుతో అడిగిండు:
అప్పు ఎప్పుడు తీసుకున్నరు? ఎవరు తీసుకున్నరు?
పత్రం జతచేయండి.
చేయుమంటే చేయాలె గద.
రేకు కోసే కత్తెరతోని కాలర్‌కున్న తెల్ల గుడ్డ కత్తిరించి
ఆ వరుస పక్కన గుండుసూదితో గుచ్చిన,
కుంజాలి అట్టకు ఎదురుంగ.

ఆడిటర్ ఇంకా జవాబియ్యలే.
మెడ వెనక గీరుకునుడు మాత్రం బందయింది.